కారుకి కార్బన్ ఫైబర్ ర్యాప్ ఇంటి దగ్గరే వేసుకోవడం ఎలా? మన వైజాగ్ ఉప్పుగాలికి తగ్గట్టు

కార్బన్ ర్యాప్ అంటే కార్బన్ ఫైబర్ అల్లికలా కనపడే ప్లాస్టిక్ స్టిక్కర్ ఫిల్మ్. అది వేద్దాం అనగానే చాలామంది ముందు సైడ్ మిర్రర్లతో మొదలెడతారు, చిన్నవే కదా, ఫిల్మ్ తక్కువ పడుతుంది, పాడైపోయినా పెద్ద నష్టం లేదు అని. కానీ కారులో బాగా కష్టమైనవాటిల్లో ఆ మిర్రర్ ఒకటి. కోడిగుడ్డులా అన్ని పక్కలా ఒంపు తిరిగి ఉంటుంది, ఫిల్మ్ ఒక పక్క సర్దితే ఇంకో పక్క ముడత లేస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళు డోర్ల మధ్యలో నిలువుగా ఉండే పట్టీలతో, అంటే బి పిల్లర్లతో చెయ్యి అలవాటు చేసుకుని, తర్వాత బానెట్ గానీ రూఫ్ గానీ చేసి, స్పాయిలర్ (వెనక రెక్కలా ఉండేది), మిర్రర్లు ఆఖర్న పెట్టుకోండి. బానెట్ సైజు చూసి భయమేస్తుంది గానీ అది దాదాపు చదును, పక్కన ఒక మనిషి సాయం ఉంటే చాలు.

ఇంకో మాట, మామూలు రంగు ర్యాప్‌కి, కార్బన్ ర్యాప్‌కి ఒక తేడా ఉంది. రంగు ఫిల్మ్ కాస్త ఎక్కువ లాగినా దూరం నుంచి తెలీదు. కార్బన్ ఫిల్మ్ మీద అల్లిక డిజైన్ ఉంటుంది కదా, అది లాగినచోట గళ్ళు సాగిపోయి, మూలల దగ్గర ఒక్కసారిగా పెద్దవైపోయి, ఎవడు చూసినా ఇది స్టిక్కర్ రా అని చెప్పేస్తారు. అందుకే ఈ పని మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే ఫిల్మ్‌ని పరచాలి, లాగకూడదు. తప్పనిసరై లాగాల్సి వస్తే కొంచెం కొంచెం, విశాలంగా, ఒకే చోట కాకుండా.

ఫిల్మ్ కొనేటప్పుడు షాపులో 3డి, 4డి, 5డి, 6డి అని చెప్తారు. 3డి అంటే చేత్తో తడిమితే గరుకుగా తగిలే, మెరుపు లేని రకం. 5డి, 6డి అంటే పైన నున్నగా గాజులా మెరుస్తూ డిజైన్ లోపల ఉన్నట్టు కనపడేది. మెరిసేది షోరూమ్ లైట్ల కింద బ్రహ్మాండంగా ఉంటుంది గానీ దాని మీద గీతలు, వేలిముద్రలు, కింద ఇరుక్కున్న చిన్న ఇసుక రేణువు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. చేతికి కొత్త ఐతే నా ఓటు 3డికే, చిన్న చిన్న తప్పులు ఆ గరుకులో కలిసిపోతాయి. ఒకటే ఇబ్బంది, ఆ గీతల్లో దుమ్ము పేరుకుంటుంది, మెత్తటి బ్రష్‌తో కడుక్కోవాలి.

డి ల సంగతి కంటే ముఖ్యమైంది అది కాస్ట్ ఫిల్మా, క్యాలెండర్డ్ ఫిల్మా అని. కాస్ట్ అంటే ద్రవంగా పోసి ఆరబెట్టి తయారుచేసింది, పల్చగా ఉంటుంది, ఒంపుల మీద కూర్చుంటుంది, తర్వాత పెద్దగా కుంచించుకుపోదు. క్యాలెండర్డ్ అంటే రోలర్ల మధ్య నొక్కి సాగదీసింది, మందంగా ఉంటుంది, చవక, కానీ ఎండకి మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది కాబట్టి కొన్నాళ్ళకి అంచుల దగ్గర సన్నటి గీతలా కింద పెయింట్ బయటపడుతుంది. త్రీఎమ్ 2080 సిరీస్, ఆవెరీ డెన్నిసన్ సుప్రీమ్ ర్యాపింగ్ ఫిల్మ్ లాంటివి కాస్ట్ రకం. షాపులో అడుగు లెక్కన కోసి ఇస్తారు, కొనే ముందు చిన్న ముక్క అడిగి తీసుకోండి, వెనక కాగితం పీకి చూస్తే గమ్ మీద సన్నటి గడులు కనపడాలి, అవి గాలి బయటకి పోవడానికి. ఆ గడులు లేని ఫిల్మ్‌తో మొదటిసారి బానెట్ చేస్తే బుడగలు కొట్టుకుంటూ కూర్చోవాల్సిందే.

రోల్ వెడల్పు సాధారణంగా 1.52 మీటర్లు, అంటే 5 అడుగులు. చాలా హ్యాచ్‌బ్యాక్‌ల బానెట్, రూఫ్ రెండూ జాయింట్ లేకుండా అందులో వచ్చేస్తాయి, ఐనా మీ కారుని టేపుతో మీరే కొలవండి, చుట్టూ కనీసం 3 అంగుళాలు ఎక్కువ ఉండేట్టు చూసుకోండి. రోల్ వెడల్పు ఎప్పుడూ కారుకి అడ్డంగా రావాలి, బానెట్‌కీ అంతే, రూఫ్‌కీ అంతే. ఫిల్మ్ మిగులుద్ది కదా అని ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేశారనుకోండి, ఎండలో ఒకటి నల్లగా, ఒకటి బూడిద రంగులో కనపడుతుంది, ఎందుకంటే ఆ అల్లిక మీద వెలుగు పడే కోణం మారిపోతుంది. ముక్కలు కోయగానే వెనక కాగితం మీద పెన్నుతో బాణం గుర్తు వేసేయండి, ముందుకి ఎటు అని.

ఎక్కడెక్కడ వెయ్యాలో కూడా కాస్త ఆలోచించండి. నిజం కార్బన్ ఫైబర్ రేసు కార్లకి బానెట్, రూఫ్, స్పాయిలర్, మిర్రర్ లాంటి చోట్ల వాడేది బరువు తగ్గించడానికి. మనం వేసేది ప్లాస్టిక్ ఫిల్మ్, దాంతో బరువు తగ్గదు, మైలేజీ పెరగదు, చూపు కోసమే. కాబట్టి నిజం కార్బన్ ఉండే చోట్లే ఇది కూడా బాగుంటుంది. డోర్ హ్యాండిల్‌కి, పెట్రోల్ మూతకి, నంబర్ ప్లేట్ ఫ్రేముకి, ఆఖరికి వైపర్ చేతికి కూడా వేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఇష్టం, నేనైతే తెల్ల కారుకి రూఫ్, మిర్రర్లు అంతటితో ఆపేస్తాను.

ఆర్సీ సంగతి. ఆర్సీలో మీ కారు రంగు రాసి ఉంటుంది, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చుకోకూడదు. రూఫ్, మిర్రర్ వరకూ ఐతే కారు రంగు ఏంటో చూడగానే తెలుస్తుంది. బంపర్ నుంచి బంపర్ వరకూ నల్ల కార్బన్ చేసేస్తే మాత్రం ఆర్టీఓ ఆఫీసుకెళ్ళి ఆర్సీలో రంగు మార్పించుకోవాలి, లేదంటే మద్దిలపాలెం జంక్షన్లోనో ఎన్ఏడీ దగ్గరో ఆపినప్పుడు మీరే సమాధానం చెప్పుకోవాలి. ముక్క మిగిలింది కదా అని అద్దాల మీద, హెడ్‌లైట్ల మీద అస్సలు వెయ్యొద్దు. అద్దాలకి నల్ల ఫిల్మ్ వెయ్యకూడదని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పార్కింగ్ సెన్సర్లు, కెమెరా మీదకి కూడా ఫిల్మ్ రానివ్వకండి.

ఇప్పుడు రోజు, చోటు. మన ఊళ్ళో నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి వరకూ ఈ పనికి మంచి కాలం, గాలిలో చెమ్మ తక్కువ, ఎండ చురుక్కుమనదు. 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఐతే ఫిల్మ్ చెప్పిన మాట వింటుంది. మే నెలలో మధ్యాహ్నం పూట ఆరుబయట మొదలెడితే బానెట్ రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, గమ్ తగలగానే పట్టేస్తుంది, సరిచేద్దామని లేపితే ఫిల్మ్ సాగిపోతుంది. అలాగని వానాకాలంలో ఉక్కలో చేస్తే మీ నుదుటి మీద చెమట చుక్క సరిగ్గా గమ్ మీదే పడుతుంది. అక్టోబర్లో ఐతే వాతావరణం వార్త చూసుకుని మొదలెట్టండి, హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న వచ్చిన సంగతి మనకెవరూ గుర్తు చెయ్యక్కర్లేదు, వేశాక కనీసం రెండు మూడు రోజులు బండి తడవకూడదు మరి.

చోటు విషయానికొస్తే అపార్ట్‌మెంట్ సెల్లార్ మంచిదే, కానీ ముందు రోజే ఊడ్చి, పని మొదలెట్టే ముందు నేల మీద నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, రుషికొండ లాంటి సముద్రం పక్క ఏరియాల్లో ఉండేవాళ్ళు ఉదయం బేగి మొదలెట్టేయండి, పొద్దెక్కాక సముద్రం గాలి తగిలిందంటే ఇసుక, ఉప్పు రెండూ మోసుకొస్తుంది. ఫ్యాన్ పెట్టుకోవద్దు. పిల్లల్ని, చూడ్డానికి వచ్చి మనకి సలహాలిచ్చే పెద్దమనుషుల్ని కూడా కాస్త దూరంగా కూర్చోబెట్టండి.

సామాను పెద్దగా ఏం లేదు: అంచుకి మెత్తటి గుడ్డ అంటించిన స్క్వీజీ (ఫిల్మ్‌ని నొక్కి పరిచే ప్లాస్టిక్ పలక), హీట్ గన్ (వేడి గాలి ఊదేది), విరిచే బ్లేడ్ కట్టర్ (సన్నటి మొన ఉండే 30 డిగ్రీల బ్లేడ్లు దొరికితే అవే), మాస్కింగ్ టేపు, నాలుగు అయస్కాంతాలు, మైక్రోఫైబర్ గుడ్డలు, నూలు గ్లోవ్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. హెయిర్ డ్రయ్యర్‌తో అయిపోతుంది అని వీడియోల్లో చూపిస్తారు, ముడత పోగొట్టడం వరకూ నిజమే, ఆఖర్న అంచులకి పెట్టాల్సిన వేడి మాత్రం దానితో రాదు. ఆల్కహాల్ బదులు ఇంట్లో మిగిలిపోయిన శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, గమ్ పట్టదు. థిన్నర్ అసలొద్దు, పెయింట్ పోతుంది.

క్లీనింగ్. చాలామంది విసుగు పుట్టి ఇక్కడే తొందరపడతారు, సగం పని ఇదే. ముందు షాంపూతో బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా తడమండి, కంటికి నున్నగా కనపడేది చేతికి గరుగ్గా తగులుతుంది. పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్ మీదుగా రోజూ తిరిగే బళ్ళకి బొగ్గు, ఖనిజం దుమ్ము అంటుకుని ఉంటుంది, గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు బళ్ళకి సన్నటి ఇనుప రజను పెయింట్‌లో దిగబడి తెల్ల కార్ల మీద నారింజ చుక్కల్లా కనపడుతుంది. నీళ్ళకి అవి పోవు. క్లే బార్ అని మైనం ముద్దలాంటిది దొరుకుతుంది, సబ్బు నీళ్ళు చల్లుకుంటూ దాంతో రుద్దితే చేతికి నున్నగా తగిలే వరకూ వస్తుంది. తారు చుక్కలుంటే తారు పోగొట్టే లిక్విడ్‌తో తుడిచి మళ్ళీ కడగాలి. మొన్నెప్పుడో వాక్స్ కొట్టించారా, టెఫ్లాన్ కోటింగ్ చేయించారా, అది కూడా పోవాలి.

తర్వాత వైపర్ నీళ్ళ నాజిల్స్, బ్యాడ్జి, రబ్బరు బీడింగులు ఊడేవి ఊడదీసి వాటి కింద తుడవండి, మురికంతా అక్కడే దాక్కుంటుంది. ఆఖర్న ఆల్కహాల్‌తో, రెండు భాగాలు ఆల్కహాల్‌కి ఒక భాగం నీళ్ళు కలుపుకుని, ఒక గుడ్డతో తడిపి ఇంకో పొడి గుడ్డతో వెంటనే తుడవాలి. దానంతటదే ఆరిపోనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. ముఖ్యంగా బానెట్ అంచు కింద, లోపలికి మడత పడే చోట తుడవండి, ఫిల్మ్ ఆధారపడేది ఆ చిన్న అంచు మీదే. తుడిచాక చేత్తో ముట్టుకోవద్దు.

పెయింట్ బాగుందో లేదో కూడా ఇప్పుడే తేలుతుంది. తుప్పు పట్టిన చోట వేస్తే ఫిల్మ్ కింద తుప్పు పెరిగి పొంగుతుంది. డెంటింగ్ చేయించి లప్పం పెట్టి రంగు కొట్టించిన ప్యానెల్ ఐతే కనీసం నెల రోజులు ఆగండి, తాజా పెయింట్‌లోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది, బుడగలు కడుతుంది. లోకల్‌గా సరిగ్గా ప్రైమర్ లేకుండా కొట్టిన రంగైతే రేపు ఫిల్మ్ పీకినప్పుడు రంగు కూడా ఫిల్మ్‌తో పాటు వచ్చేస్తుంది. కంపెనీ పెయింట్‌తో ఈ భయం తక్కువ. రంగు వెయ్యని గరుకు నల్ల ప్లాస్టిక్ మీద ఫిల్మ్ నిలవదు, ఆశ పెట్టుకోవద్దు.

ఇక బానెట్. కాగితం తియ్యకుండానే ముందు ఫిల్మ్ బానెట్ మీద పరిచి, అయస్కాంతాలు పెట్టి సరిచూసుకోండి. బానెట్ మధ్య గీత ఎక్కడో మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకుని, ఫిల్మ్ అల్లిక ఆ గీతకి తిన్నగా ఉందా, ఒక పక్కకి వాలిందా అని కారు ముందు నాలుగడుగులు వెనక్కెళ్ళి నిలబడి చూడండి, దగ్గర నుంచి చూస్తే తెలీదు. తిన్నగా ఉందనుకున్నాక ఇద్దరూ చెరోపక్క పట్టుకుని కాగితం మొత్తం తీసేసి, నాలుగు మూలలూ పట్టుకుని, ఫిల్మ్ గాల్లో దుప్పటిలా జారకుండా, అలాగని సాగకుండా, వదులు లేనంత మాత్రం పట్టుతో మెల్లగా దించండి. ఎక్కడైనా తప్పుగా తగిలితే కంగారుపడి గుంజొద్దు, మెల్లగా లేపి మళ్ళీ దించొచ్చు, గమ్ నొక్కితేనే గట్టిగా పడుతుంది.

స్క్వీజీని 45 డిగ్రీల వాలుగా పట్టుకుని మధ్యలోంచి మొదలెట్టి బయటకి కొట్టుకుంటూ రండి, ప్రతి గీత ముందు గీత మీద సగం పడాలి, లేదంటే మధ్యలో గాలి మిగిలిపోతుంది. ఎడమ సగం పూర్తి చేసి కుడి సగానికి వెళ్ళొద్దు, మధ్యలోంచి రెండు పక్కలకీ కొంచెం కొంచెంగా పంచుకుంటూ వెళ్ళండి, అలా ఐతేనే అల్లిక తిన్నగా ఉంటుంది. ముడత వచ్చిందనుకోండి, దాని మీద స్క్వీజీతో నొక్కేయడం అందరూ చేసే పని, అది చెయ్యొద్దు. ముడత ఉన్నంత మేర ఫిల్మ్ లేపి, హీట్ గన్ దూరం నుంచి తిప్పుతూ కాస్త వేడి చూపించండి, ఫిల్మ్ తన అసలు ఆకారానికి తానే వెనక్కి వచ్చేస్తుంది, ముడత మాయమైపోతుంది, అప్పుడు మళ్ళీ పరచండి. గన్ ఒకేచోట నిలబెడితే మాత్రం గరుకు డిజైన్ కరిగి మచ్చ పడుతుంది, ఇక అది పోదు.

బానెట్ మీద లోపలికి పల్లంగా ఉండే గీతలుంటాయి చూడండి, అక్కడ ఫిల్మ్ వంతెనలా పైన నిలబడిపోతుంది, వేలితో లోపలికి తోస్తే సాగి పట్టేసినట్టే కనపడుతుంది, రెండ్రోజుల ఎండకి టక్కున లేచిపోతుంది. సరైన పద్ధతి ఏంటంటే ఆ పల్లం దగ్గరకి రాగానే పక్క ఫిల్మ్ ఇంకా అంటించకుండా వదులుగా ఉంచి, ముందు పల్లం అడుగున అంటించి, తర్వాత పైకి ఎక్కడం. వదులు ఉంటే లాగాల్సిన పనే ఉండదు.

అంచులు. మన ఊళ్ళో ర్యాప్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, బీచ్ రోడ్డు గాలి ఉప్పు, చెమ్మ మోసుకొచ్చి సరిగ్గా నొక్కని అంచు కిందకి దూరి గమ్‌ని వదులు చేస్తాయి. బానెట్ అంచు దాటాక పావు అంగుళం పైన ఫిల్మ్ ఉంచి మిగతాది కోసి, ఆ పావు అంగుళాన్ని లోపలి వైపుకి మడిచి గట్టిగా నొక్కాలి. పైకి కనపడే అంచు దగ్గరే కోసేస్తే పని బేగి అయిపోతుంది, అలాగే బేగి లేచిపోతుంది కూడా. మూలల దగ్గర ఫిల్మ్ ఎక్కువై పోగుపడుతుంది, అక్కడ మూల వైపు ఒక చిన్న గాటు పెట్టి రెండు రెక్కల్లా ఒకదాని మీద ఒకటి మడవండి, గాటు మాత్రం పైనుంచి కనపడే చోటు దాకా రాకూడదు. కోసేటప్పుడు బ్లేడ్ పెయింట్‌కి తగలనివ్వొద్దు, ప్యానెల్ మధ్యలో కోయాల్సిన చోట నైఫ్‌లెస్ టేపు వాడండి, దాంట్లో దారం ఉంటుంది, ఫిల్మ్ కింద ముందే అంటించి ఆ దారం లాగితే ఫిల్మ్ మాత్రమే తెగుతుంది. బ్లేడ్ మొన తరచూ విరిచేస్తూ ఉండండి, మొద్దు బ్లేడ్ ఫిల్మ్‌ని చింపుతుంది.

అంతా అయ్యాక మడిచిన ప్రతి అంచుకీ, పల్లానికీ, సాగిన ప్రతి చోటుకీ మళ్ళీ వేడి పెట్టాలి. ఈసారి గట్టి వేడి, ఫిల్మ్ మీద 90 నుంచి 110 డిగ్రీల దాకా రావాలి, ఫిల్మ్‌తో వచ్చే కాగితంలో కంపెనీవాళ్ళు అంకె ఇచ్చి ఉంటే అదే పాటించండి. దీంతో ఫిల్మ్ పాత ఆకారం మర్చిపోయి కొత్త ఆకారంలో స్థిరపడుతుంది. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి ఉంటే ఊహ మీద ఆధారపడక్కర్లేదు, కరోనా టైంలో నుదుటికి పెట్టిన గన్ పనికిరాదు, అది జ్వరం వరకే చూపిస్తుంది. వేడి పెట్టిన వెంటనే చేతికి నూలు గ్లోవ్ వేసుకుని వేలితో అంచు మొత్తం ఒత్తుకుంటూ వెళ్ళండి. గమ్ పట్టు పెంచే ప్రైమర్ అవసరమైతే మరీ లోతైన మూలల్లో చుక్కంత వాడండి, అంచు పొడవునా రాస్తే రేపు పీకేటప్పుడు ఏడుపే.

రూఫ్ ఇంతకన్నా తేలిక. పక్కల రబ్బరు పట్టీలు ఊడదీసి, ఫిల్మ్ ఆ గాడిలోకి దించి కోసి, పట్టీ మళ్ళీ నొక్కేస్తే అంచు కనపడనే కనపడదు. యాంటెనా కర్ర ఐతే మర తిప్పి తీసేయండి. స్టూలు రెండు కావాలి, అటొకరు ఇటొకరు.

మిర్రర్ల కవర్లు చాలా కార్లకి క్లిప్పుల మీద ఊడి వస్తాయి, మీ మోడల్‌కి ఎలా ఊడుతుందో తెలుసుకుని తీసి, ఇంట్లో బల్ల మీద పెట్టుకుని చెయ్యండి. ఇక్కడ మాత్రం ఫిల్మ్ సాగదీయక తప్పదు, ముందు ఫిల్మ్ మొత్తం సమానంగా వెచ్చబెట్టి, ఇద్దరు నాలుగు పక్కలా పట్టుకుని కవర్ మీద ఒక్కసారిగా దించితే సాగుడు అంతటా పంచుకుంటుంది, గళ్ళు ఒకేచోట పెద్దవి అవ్వవు. ఇండికేటర్ ఉన్న మిర్రర్ ఐతే ఆ గీత దగ్గర రెండు ముక్కలుగా చెయ్యండి, ఒకే ముక్కతో సాధించాలనే పట్టుదల వద్దు.

వేశాక చిన్న బుడగలు కనిపిస్తే కట్టర్‌తో పొడవొద్దు. గాలి గడులున్న ఫిల్మ్‌లో చిన్నవి కొన్నాళ్ళ ఎండకి వాటంతటవే పోతాయి, పోనివాటికి సన్నటి సూదితో ఒక పక్క గుచ్చి వేలితో నొక్కండి. మర్నాడు పొద్దున్న ఒకసారి, వారం తర్వాత ఒకసారి అంచులన్నీ వేలితో తడిమి చూసి, లేచినట్టుంటే మళ్ళీ వేడి పెట్టి నొక్కండి.

కడగడం చేత్తోనే. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే ప్రెషర్ గన్ అడుగు దూరం పైనే ఉంచమని, అంచుకి ఎదురుగా కొట్టొద్దని పక్కన నిలబడి చెప్పండి, లేదంటే కుర్రాడు అలవాటుగా బానెట్ సందుల్లోకే కొడతాడు. భీమిలి దాకా వెళ్ళొస్తే ఆ సాయంత్రమే మంచినీళ్ళతో ఒక్కసారి కడిగేయండి. పక్షి రెట్ట, చెట్టు జిగురు ఎండలో వదిలేస్తే మచ్చ పడిపోతుంది. గరుకు ఫిల్మ్ మీద వాక్స్ పాలిష్ రాయొద్దు, గీతల్లో తెల్లగా ఎండిపోతుంది. ఎండ నేరుగా పడే బానెట్, రూఫ్ ఫిల్మ్ పక్క ప్యానెల్స్ కంటే ముందే వెలిసిపోతుంది, అది మీ పని లోపం కాదు, నీడన పెట్టుకుంటే ఇంకొన్నాళ్ళు వస్తుంది. మిగిలిన ముక్కలు మడవకుండా చుట్టి దాచండి, ఎప్పుడైనా ఆటోవాడు గీరితే మిర్రర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

పీకేయాల్సి వచ్చినప్పుడు, అంటే రంగు వెలిసి చిన్న చిన్న పగుళ్ళు కనపడ్డం మొదలవగానే, ఇంకో ఎండాకాలం చూద్దాంలే అని ఆగొద్దు. పెళుసు ఎక్కిన ఫిల్మ్ గోరంత గోరంత ముక్కలుగా ఊడుతుంది, రోజంతా గోకాలి. ఫిల్మ్‌ని చెయ్యి తాళలేనంత వెచ్చగా చేసి, ఒక మూల లేపి, పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు, ప్యానెల్‌కి దగ్గరగా పట్టుకుని మెల్లగా లాగితే గమ్ కూడా చాలావరకు దాంతోనే వచ్చేస్తుంది. మిగిలిన గమ్‌ని గమ్ రిమూవర్‌తో తడిపి కాసేపాగి ప్లాస్టిక్ స్క్వీజీతో తీసి, ఆల్కహాల్‌తో తుడిచేయండి.